రెల్లులంకకు ఏ కాలంలో రావాలి

గుణదల,
21-4-1974

అక్కకు,

మరియమ్మ తల్లి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఈస్టరు పూజకు నువ్వు రాలేదని వదిన రెండుసార్లు అంది. నువ్వు రానందుకు కాదు, నువ్వు తెచ్చే అరటిగెల రానందుకు.

ఈ ఉత్తరం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని రాస్తున్నాను. చుట్టూ పిల్లలు మిషన్లు టకటకలాడిస్తున్నారు కాబట్టి నేనేం రాస్తున్నానో ఎవరికీ పట్టదు. నువ్వు కూడా జవాబు ఇంటికి రాయకు. నాతోపాటు ఇక్కడ నేర్పించే ఎలిజబెత్ పేరున రాయి, తను నాకిస్తుంది.

అక్కా, నేను ఒకతన్ని పెళ్ళి చేసుకోబోతున్నాను. పేరు అంకమ్మరావు. మంగళగిరి వాళ్ళు, మగ్గం మీద బతికేవాళ్ళు. వన్‌టౌన్‌లో మేనమామ బట్టల కొట్లో పనిచేస్తాడు. కొన్ని రోజులు చీరల మూట కట్టుకుని ఊళ్ళమ్మట అమ్మకానికి వెళ్తాడు. క్రిస్మస్‌కి వదినకు చీర కొనడానికి వెళ్ళినప్పుడు చూశాను. వదిన ఒక ఎర్ర చీర పట్టుకుని కూర్చుంది. మేనమామ అది బంగారం అంటున్నాడు. ఇతను లోపల్నించి వచ్చి, "అది తీసుకోకండమ్మా, రంగు పోద్ది" అన్నాడు. మేనమామ చూసిన చూపుకు ఇంకొకరైతే పారిపోయేవాళ్ళు. వారం తరవాత నేనొక్కదాన్నే వెళ్ళి, "మిమ్మల్ని తిట్టారా?" అని అడిగాను. "తిట్టారండీ. పోన్లెండి, మీరు మళ్ళీ వచ్చారుగా" అన్నాడు.

అంతే. అప్పట్నించీ ఇంతే. అతని కుడిచేతి వేళ్ళకు నీలిరంగు మరక ఉంటుంది. చిన్నప్పుడు నూలు అద్దకాల్లో చేసినందుకట. ఎంత కడిగినా పోదు. మాట్లాడేటప్పుడు ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. ఎందుకు దాచుకుంటావని నేను పోట్లాడతాను.

అన్నయ్య ఒప్పుకోడు. అంకమ్మరావు వాళ్ళమ్మ వెంకటరావమ్మగారు అంతకంటే ఒప్పుకోరు. రిజిస్టరు పెళ్ళి చేసుకుని రెండువైపులా కోపాలు చల్లారేదాకా ఎక్కడైనా ఉండాలి. గుంటూరు, ఏలూరు, బందరు, ఎక్కడికి వెళ్ళినా మనవాళ్ళో వాళ్ళవాళ్ళో ఉంటారు. ఏటి మధ్యనున్న మీ రెల్లులంక ఒక్కటే మాకు దిక్కు. అక్కడ నువ్వున్నావు. ఇన్నేళ్ళు ఆ బళ్ళో పాఠాలు చెప్పావు, ఏరు సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలిసినవాళ్ళెవరికీ తెలీదు. ఏ కాలంలో వస్తే ఎవరూ వెంటపడి రాలేరో చెప్పు.

నీ చెల్లి
సంపూర్ణ


రెల్లులంక,
3-5-1974

సంపూర్ణకు,

నీ ఉత్తరం చేరింది. నేనెలా ఉన్నానని అడిగిన మాట కోసం అటూ ఇటూ తిప్పి చూశాను, కనపడలేదు. అతని వేళ్ళ సంగతి మాత్రం తెలిసింది. నేను బాగానే ఉన్నాను. బడికి సెలవులిచ్చారు. ఎండకు అరటితోటల మీద గాలి కూడా కాలుతోంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వేసవిలో రాకు. ఇప్పుడు ఏరంటే ఇసుక. తోట్లవల్లూరు రేవు నించి మా లంకకు ఎడ్లబండి మీద వస్తున్నారు. నీళ్ళున్న పాయలో కూడా పిక్కల లోతే. రెండేళ్ళ కిందట పామర్రు వైపు పిల్ల ఒకతి ఇలాగే ఒకడితో వచ్చింది. సాయంత్రానికల్లా ఆ పిల్ల మేనమామలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చేశారు. ఎండన పడి వచ్చారని మజ్జిగ ఇచ్చింది నేనే. మజ్జిగ తాగి పిల్లను తీసుకుపోయారు.

రావాలంటే వరదరోజుల్లో రావాలి. బ్యారేజీ గేట్లెత్తాక పడవ కట్టేస్తారు. అప్పుడు లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే. పోలీసైనా సరే, పడవ సొలొమోను తాడు విప్పితేనే రావాలి.

అయితే ముందు ఆ మనిషిని నేను చూడాలి. చీరల మూటతో పంపించు, ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు.

నాకు ఇరవై ఒకటి వచ్చిన ఏడు నీకు తొమ్మిదేళ్ళు, నాన్న పోయిన ఏడు. అప్పుడు నేనూ చాలా ఉత్తరాలు రాశాను. అన్నీ ఉద్యోగానికి అర్జీలే.

అక్క,
అమలమ్మ


గుణదల,
2-6-1974

అక్కకు,

రైల్వే స్ట్రైకు ముగిసింది. అన్నయ్య పోలీసులకు దొరక్కుండా స్నేహితుల ఇళ్ళలో తలదాచుకుని నాలుగు రోజుల కిందట రైలింజన్ల షెడ్డులో మళ్ళీ పనికి చేరాడు. చిక్కిపోయాడు. ఇంట్లో చిన్న మాటకు కూడా కేకలేస్తున్నాడు.

అంకమ్మరావు మీ లంక నించి వచ్చి కొట్టు దగ్గర కలిశాడు. నా గురించి ఏమన్నావో చెబుతాడనుకున్నాను. నీ గురించే చెప్పాడు. నీ పాక ఎంత శుభ్రంగా ఉందో, చేపల పులుసు ఎలా చేశావో, మామిడి చెట్టు కింద నులకమంచం వేసి కూర్చోబెట్టి ఎన్ని కబుర్లు చెప్పావో. "మీ అక్కయ్యగారు నవ్వితే ఎంత బావుంటారో నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. నువ్వు నవ్వగా నేను చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకున్నాను. మా ఇంటికొస్తే నువ్వు మొహం ముడుచుకునే ఉంటావు. అతనికి చూపించిన నవ్వు నాకెందుకు చూపించవు?

ఇంకొకటి. నేరేడుపండు రంగు చీర ఒకటి వాళ్ళమ్మ నేసింది, సన్న జరీ అంచుది. అది నాకోసం పక్కన పెట్టానని ముందే చెప్పాడు. ఇప్పుడడిగితే, "మీ అక్కయ్యగారికి నచ్చింది. ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. నీకు ఇంకోటి నేయిస్తాను" అన్నాడు. నాకు ఇంకోటి వద్దు.

వరద ఎప్పుడొస్తుందో రాయి.

సంపూర్ణ


రెల్లులంక,
16-6-1974

సంపూర్ణకు,

ఆ చీర నీదని నాకతను చెప్పలేదు. చెబితే మాత్రం వదిలేసేదాన్నో లేదో తెలీదు. ఈ ఊళ్ళో టీచరమ్మ అంటే తెల్లచీరో గంధం రంగు చీరో కట్టాలి. అతను మూట విప్పి అది నా ఒళ్ళో పరిచి, "ఇది మీకే నప్పుద్దండీ" అన్నాడు. అమ్ముకునేవాళ్ళు అందరికీ అదే చెబుతారని నాకూ తెలుసు. అయినా కొన్నాను. కావాలంటే పంపిస్తాను. ఒకసారి కట్టాను.

మనిషి మంచివాడే. బళ్ళో కుంటుతున్న బల్లకు మేకులు కొట్టి వెళ్ళాడు. పులుసు మళ్ళీ వేయించుకున్నాడు. నీ గురించి నువ్వనుకున్నంత మాట్లాడలేదు.

కాలం సంగతి మళ్ళీ ఆలోచించాను. వరదలో వద్దు. నీకు ఈత రాదు. పోయిన ఏడు గేట్లెత్తిన మర్నాడు వల్లూరు రేవులో పడవ తిరగబడి ఇద్దరు పోయారు. కార్తికం దాటాక చూద్దామంటే అప్పటికి చెరుకు కొట్టేవాళ్ళు, పసుపు తవ్వేవాళ్ళు పైఊళ్ళ నించి దిగుతారు. లంకంతా కొత్త కళ్ళే ఉంటాయి. ఆ తరవాత పొగమంచు. మాఘమాసం నించీ మళ్ళీ ఇసుకే. తొందరపడకు. నిదానంగా ఆలోచించి రాస్తాను.

జక్కయ్య అన్నయ్యను కోడిగుడ్డు తినమను. నా మాటగా చెప్పకు, తినడు.

అమలమ్మ


గుణదల,
28-7-1974

అక్కకు,

వేసవి వద్దన్నావు. వరదలో రమ్మన్నావు. ఇప్పుడు వరదా వద్దు, శీతాకాలమూ వద్దు అంటున్నావు. ఏడాదిలో ఇంక ఏ కాలం మిగిలిందో నువ్వే చెప్పు. ఎలిజబెత్‌కి నీ ఉత్తరం చూపించాను. చదివి, "మీ అక్కకి నువ్వు వెళ్ళడం ఇష్టం లేదే" అంది. కాదని వాదించాను. ఇంటికెళ్ళేదాకా అదే మాట చెవుల్లో ఉంది.

నాకు నిదానం లేదు. వదిన తెరేసమ్మ ఊరుకోకుండా మైలవరం సంబంధం తెచ్చింది. బాలశౌరి అని, మందుల షాపు ఉంది. మొన్న వచ్చి చూసి వెళ్ళారు. అన్నయ్య మాటిచ్చేశాడు. చెడ్డవాడేం కాదు. తల వంచుకుని టీ తాగి, కప్పు తనే లోపల పెట్టి వెళ్ళాడు. అయితే నాకు వద్దు.

మేమే నిర్ణయించుకున్నాం. ఆగస్టు పదిహేను మాత పండగ అయ్యాక అతను గిన్నెలూ చాపలూ తీసుకుని ముందు మీ దగ్గరికొస్తాడు. తరవాతి వారం ఉయ్యూరులో స్నేహితురాలి ఇంటికని చెప్పి నేను బయల్దేరతాను. ఇద్దరం ఒకేసారి వస్తే రేవులో ఎవరైనా గుర్తుపడతారు. రాగానే నువ్వు మమ్మల్ని గుంటూరు వైపు రేవు దాటించు, రిజిస్ట్రారు ఆఫీసు పని అక్కడే.

నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వస్తాం.

సంపూర్ణ


గుణదల,
1-9-1974

అక్కకు,

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలీదు. తపాలా సంచి వల్లూరు గట్టునే ఆగిపోతోందట. అయినా రాయకుండా ఉండలేను.

బుధవారం సంచి పట్టుకుని రేవుకొచ్చాను. ఏరు గట్టు దాకా వచ్చి ఎర్రగా పోతోంది. అరటిచెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతున్నాయి. పడవ రావిచెట్టుకు కట్టేసి ఉంది. సొలొమోను బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఎంత బతిమాలినా తాడు విప్పలేదు.

"లంకలో మీవాళ్ళెవరమ్మా?" అని అడిగాడు.

"టీచరుగారు. మా అక్క."

"ఆయమ్మకేం భయం లేదులేమ్మా. చీరలబ్బాయి ఉన్నాడుగా తోడు. మొన్న కడాకరి పడవలో దించొచ్చాను. మగమనిషి ఇంట్లో ఉంటే అదో ధైర్యం."

నన్ను ఓదార్చాననుకున్నాడు పాపం.

పొద్దు వాలేదాకా గట్టు మీద నిలబడ్డాను. అవతల మీ గుడి శిలువ కనబడుతోంది. అతను ఆ కిందే ఎక్కడో ఉన్నాడు. నువ్వూ ఉన్నావు. లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే అని నువ్వే రాశావు. లోపల నేనూ అతనూ ఉండాల్సింది. అతన్ని నువ్వు ఉంచుకున్నావు, నేను గట్టున నిలబడ్డాను. ఆ నేరేడుపండు చీర కట్టుకున్నావా?

ఇంటికొచ్చి, స్నేహితురాలు ఊళ్ళో లేదని వదినతో చెప్పాను.

సంపూర్ణ


రెల్లులంక,
12-9-1974

సంపూర్ణకు,

మొన్ననే పడవ మళ్ళీ తిరగడం మొదలైంది. నీ ఉత్తరం అందింది. ఇంకొకరు రాస్తే చించేసేదాన్ని.

జరిగింది చెబుతాను. అతను వచ్చిన మూడో రోజు నీళ్ళు లంకలోకి ఎక్కాయి. కిందవైపు పాకలన్నీ మునిగాయి. అందరం గుళ్ళోకి చేరాం, మేకలతో సహా. అతను మెడలోతు నీళ్ళలో పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ మోసి తెచ్చాడు. మగవాళ్ళు వాకిలి వైపు, ఆడవాళ్ళు బలిపీఠం వైపు. అంతకు ముందు రెండు రాత్రులూ బడి అరుగు మీద పడుకున్నాడు. నా ఇంట్లో ఒక్క పూట కూడా పడుకోలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నా, చీర పెట్టెలో తడిసింది. రంగు పోలేదు.

తరవాత అతనికి జ్వరం వచ్చింది. నేనే గంజి కాచాను. నేనే తడిగుడ్డ వేశాను. నుదురు పట్టుకుని చూశాను. ఇది నీకు రాయకుండా ఉండొచ్చు, రాయకపోతే నువ్వు ఇంకా పెద్దది ఊహించుకుంటావు.

నువ్వు ఊహించనిది ఇంకోటుంది. ఒంటి మీద తెలివి వచ్చినప్పుడల్లా, "నీళ్ళు తగ్గాయా అండీ? సంపూర్ణ రేవుకొచ్చి ఉంటది" అనేవాడు. పొద్దున అదే, సాయంత్రం అదే. చివరికి నేను, "తగ్గితే చెబుతాగా, పడుకో" అని కసిరాను. పక్కనున్న ఆడవాళ్ళు నా మొహంలోకి చూశారు. ఇన్నేళ్ళుగా ఈ ఏరు ఎన్నోసార్లు పొంగింది, తీసింది. ఆ గట్టున నాకోసం నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు. అదీ నా కోపం. అతను కాదు.

మనిషి లేచి తిరుగుతున్నాడు. వచ్చే వారం పంపిస్తాను.

అమలమ్మ


రెల్లులంక,
6-10-1974

సంపూర్ణకు,

నీ దగ్గర్నించి జవాబు లేదు. బదులు అన్నయ్య వచ్చాడు.

బళ్ళో రెండో క్లాసుకు ఎక్కాలు చెబుతున్నాను. గుమ్మంలో నిలబడి, "బయటికి రా" అన్నాడు. పిల్లలు లేచి నిలబడి దండం పెట్టారు. వాళ్ళను చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"ఎవడే వాడు?"

"ఎవరు?"

"చీరలోడు. వరదంతా ఇంట్లో పెట్టుకున్నావంట. వల్లూరోడొకడు షెడ్డులో చెప్పి నవ్వుతుంటే నేను పానా పట్టుకుని నిలబడిపోయాను. ఎవడని అడుగుతున్నా."

నీ పేరు నాలిక చివర దాకా వచ్చింది. చెబితే ఆ సాయంత్రమే నిన్ను మైలవరం పంపించేస్తాడు. అందుకని, "నా మనిషి" అన్నాను.

చెయ్యెత్తాడు, కొట్టలేదు. నా కంటే అతనికే ఎక్కువ దెబ్బ తగిలినట్టు అరుగు మీద కూలబడ్డాడు. "నాన్న పోయాక నీ జీతంతో ఇల్లు నడిపాను, నీకు పెళ్ళి చెయ్యలేదు. నా తప్పేలే" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇరుగుపొరుగంతా విన్నారు.

నిన్ను కాపాడడానికే అన్నాను. అది నిజం. అయితే ఆ మాట అంటున్నప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు. అదీ నీకు తెలియాలి.

అమలమ్మ


గుణదల,
24-10-1974

అక్కకు,

అన్నయ్య బయల్దేరినప్పుడు నేను వరండాలో బియ్యం ఏరుతున్నాను. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎందుకో తెలుసు. ఒక్క మాట అంటే ఆగేవాడు. అనలేదు. నిన్ను నాలుగు తిట్టి రానీ అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు.

తరవాత ఏమైందో విను. అన్నయ్య అతని ఆచూకీ తీసి, వన్‌టౌన్ కొట్టుకు వెళ్ళి, మేనమామ ముందే నిలదీశాడట. "మా చెల్లెలి పరువు తీశావు. బాప్తిస్మం పుచ్చుకుని పెళ్ళి చేసుకో, లేకపోతే ఊరుకోను" అని. అంకమ్మరావు, "చేసుకుంటానండీ, అందుకే గదండీ నేను తిరుగుతోంది" అన్నాడట. అన్నయ్య శాంతపడి మా ఇంటికే తీసుకొచ్చాడు. వదిన టీ పెట్టింది. "అమలను పిలిపించి ముహూర్తం చూద్దాం" అన్నాడు అన్నయ్య. అతను కప్పు కింద పెట్టి, "అమలమ్మగారేంటండీ?" అన్నాడు.

నేను తలుపు వెనకనించి వచ్చి, "అక్క మనిషి కాదు. నా మనిషి" అన్నాను.

అన్నయ్య అతన్ని గెంటేశాడు. "అక్కకైతే ఒప్పుకున్నావుగా" అని అడిగాను. "దానికి వయసు మీరింది, ఎవడొచ్చినా చాలు. నీకు నేను మాటిచ్చాను" అన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మాన్పించారు. ఆదివారం గుళ్ళో ఎలిజబెత్ పాటల పుస్తకంలో పెట్టి ఉత్తరాలిస్తోంది. ఈస్టరు వెళ్ళాక నా పెళ్ళి.

నా మనిషి అని నేను మొదటిసారి పైకి అన్నది ఆ రోజే. అనగానే నువ్వు గుర్తొచ్చావు. నాకంటే ముందు నువ్వే అనేశావు. ఎందుకోసం అన్నావో తెలిసినా, అది ఇంకా గుచ్చుతూనే ఉంది.

సంపూర్ణ


రెల్లులంక,
20-11-1974

సంపూర్ణకు,

వయసు మీరింది, ఎవడొచ్చినా చాలు అన్నది అన్నయ్య మాట. దాన్ని నాకు రాసి పంపింది నువ్వు. ఆ ఒక్క మాట రాయకుండా కూడా జరిగింది చెప్పి ఉండొచ్చు నువ్వు. సరేలే, గుచ్చుకున్నవాళ్ళు గుచ్చుతారు.

పసుపు ఆకు పండుతోంది. చెరుకు కొట్టడం మొదలైంది. స్కూలు మేనేజరు ఫాదరుగారు పిలిపించి మాట్లాడారు. అదేమంత పెద్ద విషయం కాదు.

ఏ కాలంలో రావాలని ఇక నన్ను అడక్కు. నీకు చెప్పిన కాలాల్లో ఏది నీ మేలుకోసం చెప్పానో, ఏది నువ్వు రాకూడదని చెప్పానో నాకే తెలియకుండా పోయింది.

అమలమ్మ


గుణదల,
19-1-1975

అక్కకు,

అడగడం లేదు. చెబుతున్నాను.

ఫిబ్రవరిలో మా గుణదల మాత తిరునాళ్ళు. అన్నయ్య వాలంటీరు, మూడు రోజులూ కొండ మీదే. ఇంటినిండా చుట్టాలు. నేను వదినతో ఉన్నానని పిన్ని అనుకుంటుంది, పిన్నితో ఉన్నానని వదిన అనుకుంటుంది. లక్షల జనంలో ఒక పిల్ల లేదని సాయంత్రం దాకా ఎవరికీ తెలీదు. క్రిస్మస్ బట్టల కోసం వెళ్ళినప్పుడే రిజిస్టరు పెళ్ళి నోటీసు కాగితాల మీద సంతకం పెట్టాను. పదో తేదీన గుంటూరులో పెళ్ళి. ఎలిజబెత్ సాక్షి. మర్నాడు లంకకు వస్తాం.

మాఘంలో ఏరు ఇసుకే అని నువ్వు రాశావు. గుర్తుంది. ఎవరైనా నడిచి రావచ్చు. రానీ. మేం దాక్కోడానికి రావడం లేదు, కాపురానికి వస్తున్నాం. అతను లంక చుట్టుపక్కల ఊళ్ళలోనే చీరలు అమ్ముకుంటాడు. వేరే పాక చూసుకునేదాకా నీ ఇంట్లో ఉంటాం.

నువ్వు ఆ రోజు ఎక్కడికీ వెళ్ళకు. మేమిద్దరం కలిసి నీ గుమ్మంలో అడుగుపెట్టడం నువ్వు నిలబడి చూడాలి.

సంపూర్ణ


రెల్లులంక,
26-2-1975

అక్కకు,

నువ్వు నిలబడి చూడాలని రాశాను. వచ్చేసరికి ఇంటికి తాళం.

సొలొమోను తల్లి తాళంచెవి తెచ్చిచ్చింది. లోపల అలికి ముగ్గు వేసి ఉంది. కుండలో బియ్యం, కొత్త చాప, దండెం మీద కొత్త తువ్వాళ్ళు. నిన్ను నూజివీడు బడికి మార్చారని ఆమే చెప్పింది. అక్టోబరులో అన్నయ్య వచ్చి కేకలేసిన వారానికే ఆర్డరు వచ్చిందట. పిల్లల చదువు కోసం కొన్నాళ్ళు ఆగమని ఫాదరుగారిని బతిమాలి, మేం వచ్చే వారంలోనే వెళ్ళిపోయావట. అదేమంత పెద్ద విషయం కాదని రాశావు.

గడప మీద కూర్చుని ఏడ్చాను. అంకమ్మరావు ఏం చెయ్యాలో తెలీక పొయ్యి ముట్టించి అన్నం వండాడు. ఉప్పు ఎక్కడుందో వెతుకుతున్నాను. అతను చూడకుండానే చెయ్యెత్తి చూరులోంచి చిప్ప తీశాడు. అప్పటిదాకా నీకోసం ఏడ్చినదాన్ని, "ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడుందో నీకెలా తెలుసు?" అని పోట్లాటకు దిగాను. చూశావా నా బుద్ధి. వీధిలోకెళ్తే, టీచరమ్మ చెల్లెలివా అంటారు. నా పేరు ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

నాలుగో రోజు అన్నయ్య ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. రిజిస్ట్రారు కాగితం చూపించాను. చదివాడో లేదో. "అమల ఏది?" అన్నాడు. నువ్వు ఎక్కడికి, ఎందుకు వెళ్ళాల్సొచ్చిందో చెప్పాను. మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా వెనక్కి నడిచాడు. బాలశౌరిగారు మాత్రం గొడవ చెయ్యలేదట.

నువ్వు నా మీద కోపంగా ఉన్నావా? ఒక్క ముక్క రాయి అక్కా.

సంపూర్ణ


నూజివీడు,
24-3-1975

సంపూర్ణకు, అంకమ్మరావుకు,

ఇద్దరికీ నా దీవెనలు. నిన్న మట్టల ఆదివారం. పూజ నించి వచ్చేసరికి అన్నయ్య నా గది ముందు కూర్చుని ఉన్నాడు. సంచిలో వదిన పంపిన గోంగూర పచ్చడి. అన్నం పెట్టాను. తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అడిగాడు.

"ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పావు?"

"సంపూర్ణ కోసం."

"దానికోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావా? ఇంకేమన్నా చెప్పొచ్చుగా. నా మనిషనే ఎందుకనాలి?"

"అనాలనిపించింది అన్నయ్యా" అన్నాను.

చాలాసేపు నా వైపే చూశాడు. చిన్నప్పటి తరవాత అలా చూడడం ఇదే. "ఇక్కడ నీకు బాగుందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. మీ ఇద్దరి మాట ఎత్తలేదు. బస్సెక్కేముందు మాత్రం, "ఆ లంకలో కరెంటు ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అదెట్టా ఉంటదో చీకట్లో" అన్నాడు. కాస్త ఓపిక పట్టు, వస్తాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. నాకు కోపం లేదు. నువ్వు నిలబడి చూడమన్న రోజున నేను అక్కడ నిలబడలేకపోయాను, అంతే. అతన్ని నీ దగ్గర్నించి తీసుకోవాలని ఎన్నడూ లేదు. జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం, ఈసారి కళ్ళు తెరిస్తే నీ పేరు కాకుండా నా పేరు పిలిస్తే బాగుండునని ఒక పూట అనుకున్నాను. పిలవలేదు. మరుసటి రోజు నీళ్ళు తీశాయి. ఈ వాక్యం అతనికి చదివి వినిపించకు.

ఉప్పు దగ్గర పోట్లాడానని సిగ్గుపడుతూ రాశావు. అది చదివి నేను నవ్వాను, పక్క గదివాళ్ళు వచ్చి చూసేటంత. నాకు తెలిసి ఎవరూ నన్ను చూసి అసూయపడలేదు, పడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నువ్వొక్కదానివే పడ్డావు. చీర దగ్గర, పులుసు దగ్గర, నా మనిషన్న మాట దగ్గర. కాపురంలో పడి అదంతా మర్చిపోతావు, మర్చిపోవాలి కూడా. కాని ఒక్కసారిగా మానెయ్యకు. ఎప్పుడన్నా అతను నా పులుసు మాట ఎత్తితే, కొంచెం మొహం ముడుచుకో.

అక్క
అమల